లోవరాజు లోడింగు

"చచ్చినా ఒప్పుకోను," అంటూ లోవరాజు టీ గ్లాసు బల్ల మీద ఠప్పున పెట్టాడు.

సగం టీ ఒలికి, కొండలమ్మ అప్పుడే తుడిచిన బల్ల మీద పారింది. నర్సీపట్నంలో కొయ్యూరు షేరాటోలు ఆగే స్టాండుకి ఎదురుగానే ఆమె టీ కొట్టు. తెల్లారింది గానీ ఇంకా ఎండ రాలేదు. ఆ వేళ కొయ్యూరు సంత. బుట్టలూ మూటలూ పట్టుకుని జనం అప్పటికే చేరిపోయారు. ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి గానీ వరసలో మొదటి చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఆ చోటు ఎవరిదో తేలితే తప్ప ఏ బండీ కదలదు.

సంత రోజు మొదటి నంబరంటే మాటలు కాదు. మొదటి బండి నిమిషాల్లో నిండిపోతుంది, పొద్దున్నే కొండెక్కి జనాన్ని దింపి, ఎండ ముదరకుండానే రెండో ట్రిప్పుకి దిగొస్తుంది. ఆఖరి బండివాడు మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. ఈ మొదటి నంబరు కోసం స్టాండులో ఒకప్పుడు చొక్కాలు చిరిగేవి. చీట్లు వేసుకున్నారు. చీట్లలో మోసం జరిగిందని మళ్ళీ చొక్కాలు చిరిగాయి. స్టాండు ప్రెసిడెంటు జగదీశ్వరరావు గారు విసిగిపోయి, డ్రైవర్లందరూ ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్లలో ఆడుతున్న ఫుట్‌బాలు ఆట మీదికి ఆ తలనొప్పిని నెట్టేశారు.

ఆ ఆటలో బంతి తన్నక్కర్లేదు. ప్రతివాడికీ ఒక టీము, వాడు దానికి మేనేజరు. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి, మీదపడి ఆడాలా, కాచుకుని ఆడాలా అన్నది చెప్పి పెడితే చాలు, మధ్యాహ్నం మ్యాచు దానంతటదే జరిగిపోతుంది. స్టాండంతా కలిపి ఒక లీగు. గెలిచినవాడికి మళ్ళీ లీగు అయ్యేదాకా సంత రోజున మొదటి నంబరు. ఫైనల్లో ఓడినవాడికి ఆఖరి నంబరు. ఈ రెండో రూలు పెట్టించింది లోవరాజే. ఓడితే దెబ్బ తగలకపోతే ఆటకి మజా ఏముందని అప్పట్లో ఇదే బల్ల గుద్ది మరీ వాదించాడు.

నిన్న ఫైనలయింది. సింగన్న టీము లోవరాజు టీము మీద ఏడు గోల్సు కొట్టింది. లోవరాజు టీము ఒక్కటీ కొట్టలేదు.

సింగన్నది కొయ్యూరు పైన కొండల్లో ఊరు. ఊడ్పులకని వెళ్ళి నిన్న సాయంత్రమే ఆటోతో కిందికి దిగాడు. ఇప్పుడు టీ కొట్టు గుంజకి ఆనుకుని, ఏం జరుగుతోందో సగమే అర్థమైన మొహంతో నిలబడి ఉన్నాడు. అతన్ని చూస్తున్నకొద్దీ లోవరాజుకి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. మొదటి నంబరు నాదేనని ఊరంతా చెప్పుకున్నాడు. ఇంట్లో పెళ్ళాం వరహాలక్ష్మికైతే ఇంక రెండు పూటలూ అదే కబురు. ఇప్పుడు తీసుకెళ్ళి బండి ఆఖర్న పెడితే ఆ మొహం ఎవరికి చూపించాలి?

"ఏటొప్పుకోవురా?" అన్నారు జగదీశ్వరరావు గారు ఎదురు బల్ల మీద మఠం వేసుకుని కూర్చుని. "ఏడు గోల్సు. అందరి ఫోన్లలోనూ కనపడతంది."

"కనపడతాదండి. మోసం సేసినోడు కనపడేలాగే సేస్తాడండి. అసలేటైందో మొదట్నుంచీ ఇని, అప్పుడు సెప్పండి నంబరెవరిదో. మీరు ధర్మంగా సెప్తే నేను తల దించుకుని ఎలిపోతాను."

"బేగి తేల్సండి బావూ," అంది సింహాద్రమ్మ. ఆవిడ ప్రతి సంతకీ కొయ్యూరికి ఎండుచేపలు పట్టుకెళ్ళే మనిషి. బుట్ట పక్కన పెట్టుకుని ఎవరి బండెక్కాలా అని చూస్తోంది. "సేపలు వాసనొచ్చేస్తాయి."

"ఎండుసేపలు వాసన రాని రోజెప్పుడు మామ్మా! కూకో, నువ్వూ ఇను. ఇది నా ఒక్కడికి జరిగిన అన్నేయం కాదు." లోవరాజు చొక్కా చేతులు పైకి మడిచాడు. "సెమీఫైనలు ముందు రోజండి. కేడీపేట దాటి ఎత్తెక్కుతున్నాను. బండి కిటకిట. ఎనకాల ఇద్దరు బాగా ఒళ్ళున్న మనుసులు ఎక్కీసేరు, ముందు సెక్రం గాల్లోకి లేసిపోతంది. నేను బండాపి, ఆళ్ళిద్దర్నీ దించి, నాకు అటొకణ్ణీ ఇటొకణ్ణీ కూకోబెట్టుకున్నాను. అంతే, బండి గుర్రంలాగ ఎక్కీసింది. అప్పుడు తట్టిందండి బుర్రకి. ఓరి, ఫుట్‌బాలు మాత్రం ఏటి, అదీ ఎత్తెక్కడవే గదా! బరువు ముందుండాల! అక్కడే, ఆ రోడ్డు పక్కనే, పేసింజర్లు తిడతంటే తిట్టనీ అని ఫోను తీసి, టీముని లోడింగు సేసీసేను. డ్రైవరూ, డ్రైవరుకి అటొకడూ ఇటొకడూ, ముగ్గురు. ఎదురెదురు సీట్లలో ముగ్గురేసి, ఆరుగురు. ఎనకాల కాళ్ళేలాడేసుకుని ఇద్దరు. ఎంతైంది? పదకొండు! ఫుట్‌బాలు కనిపెట్టినోడు సేరాటో ఎక్కి ఉంటాడండి, లేకపోతే అంత లెక్కగా సరిపోదు."

"మరి గోలీ ఏడి బావా?" అన్నాడు వాసు. స్టాండులో అందరికంటే చిన్న డ్రైవరు, ఆ ఆట గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు.

"గోలీయే డ్రైవరు."

"గోలీని ముందెట్టేవా?"

"డ్రైవరు ముందు కూకోకపోతే బండెవడు తోల్తాడ్రా? నా టీముకి కెప్టెనెవడు? గోలీ. కెప్టెనంటే డ్రైవరా, కాడా?"

"అయితే గోలు కాడ ఎవడున్నాడు?"

"ఎనకాల ఇద్దరున్నారు గదరా, ఎనక్కి తిరిగే కూకున్నారు. ఎవడొచ్చినా ముందు ఆళ్ళకే కనపడతాడు. ఇంక గోలీ దేనికి?"

జగదీశ్వరరావు గారికి టీ పొలమారింది. కొండలమ్మ నీళ్ళ గ్లాసు అందించింది.

"ఆటకి కూడా నచ్చలేదండి," అన్నాడు లోవరాజు. "గోలీ బొమ్మని లాగి ముందెడితే ఎర్రగా గీతొకటి ఎట్టి, వొద్దొద్దంది. దానికేటి తెలుసు కొండెక్కడం? ఓకే కొట్టీసేను. మర్నాడు మ్యాచు ఈ వాసుగాడి మీదే. ఎన్ని గోల్సెట్టేనో సెప్పరా."

"రెండు బావా. నేనొకటెట్టేను. నువ్వు గెలిసింది కూడా నేను పెళ్ళికెళ్ళి, దెబ్బలు తగిలినోళ్ళని మార్సడం మర్సిపోబట్టే."

"నాలుగు! నాలుగెట్టేను. అందులో రెండు ఈ ఆట కంపినీవోళ్ళు దాసీసేరు. మోసం ఆడనుంచి మొదలైందండి! ఎందుకు దాసేరో తెలుసా?"

లోవరాజు జవాబు కోసం ఆగలేదు.

"ఆ సాయంత్రం ఫోనొచ్చింది. ఏదో మంచు దేశం నంబరు. 'లోవరాజు గారేనా అండీ' అన్నాడు. తెలుగులో! నాతో మాటాడ్డానికని నేర్సుకున్నాడంట. 'అయ్యా, మీరు టీముని ఎలా సర్దేరో గానీ మా కంప్యూటర్లు ఆ బరువు లాగలేక రొప్పుతున్నాయి, ఒకదానికి పొగొచ్చీసింది, ఏం చెయ్యమంటారు' అన్నాడు. మనకి జాలి గుండె గదా. 'ఐసు ముక్కలెయ్యండి, పూడిమడకలో సేపల పెట్టెలకేసినట్టు ఓ వరస ఐసు, ఓ వరస కంప్యూటర్లు' అన్నాను. ఏసేరండి! రొయ్యల్ని పేకింగు సేసినట్టు సేసేరు. అప్పుడు గానీ సల్లబళ్ళేదు. ఆ రెండు గోల్సూ ఆ పొగలోనే పోయేయి. మరి నిజం సెప్పాల గదా, తిరిగివ్వాల గదా? ఇవ్వలేదు!"

"అందుకేనేటి పూడిమడకలో ఐసు దొరకలేదు మొన్న," అంది సింహాద్రమ్మ.

"మామ్మే సాక్షి, రాసుకోండి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సెప్పకుండా వదుల్తావేటి," అంది కొండలమ్మ పాలు తిరగబోస్తూ.

"జీడిపిక్కల బేరగాడిలాగ ఏసం కట్టుకుని ఒకడొచ్చేడప్పా. ఇంతెత్తు మనిసి, తెల్లగా గోడకి సున్నమేసినట్టున్నాడు. లుంగీ కట్టేడు గానీ, నడుస్తుంటే రెండు సేతుల్తోనూ పట్టుకుంటన్నాడు. అక్కడే అనుమానమొచ్చింది నాకు. పది బళ్ళున్నాయి స్టాండులో, తిన్నగా నా బండే ఎక్కేడు. నా పక్కన సగం సీటు మీద కూకుని, సగం బయటికి ఏలాడుతూ, జేబులోంచి దర్జీ టేపు తీసి కొలుస్తున్నాడండి! నా మోచేతికీ ఆడి డొక్కకీ మజ్జన ఎంత, ముందు సీటుకీ ఎనక సీటుకీ మజ్జన ఎంత. రోలుగుంట రోడ్డు మలుపు కాడ బండాపి, ఎవడ్రా నువ్వన్నాను. ఒక్కసారిగా కాళ్ళ మీద పడిపోనాడు. పెద్ద టీముకి కోచ్చంట. టీవీలో వస్తాడంట. ఆటలన్నీ ఓడిపోయి ఉజ్జోగం పోయేలాగుందంట. 'మీ లోడింగు నేర్పండి గురువు గారూ' అని ఒకటే ఏడుపు."

"ఏ టీము బావా?"

"సెప్పకూడదు. ఒట్టేయించుకున్నాడు."

"లోవరాజన్నా," అన్నాడు సింగన్న గుంజ దగ్గర్నుంచి, మెల్లిగా. "నానొక మాట..."

"నువ్వు మాటాడకు! నీ కాడికే వస్తన్నాను." లోవరాజు వేలు చూపించి మళ్ళీ జగదీశ్వరరావు గారి వైపు తిరిగాడు. "జాలిపడి నేర్పేనండి. అదే నా తప్పు. ఆదివారం ఆళ్ళకి మ్యాచు. ఫోన్లో కాదు, నిజం గ్రౌండు, నిజం గడ్డి, లచ్చమంది జనం. అవతలోళ్ళు సూస్తే పెపంచంలో మొదటోళ్ళు. మనోళ్ళు నా లోడింగుతో దిగేరు. గోలీ ముందు, ఎనకాల ఇద్దరు ఎనక్కి తిరిగి. విజిలెయ్యగానే 'జరగండి, జరగండి, లోపలికి జరగండి' అని అరుసుకుంటూ మీద పడిపోయేరు. అది కూడా నేను నేర్పిందే. ఎవడాపుతాడండి? బంతి గోల్లోకెళ్ళింది, బంతెనకాల మనోళ్ళెళ్ళేరు, ఆళ్ళ గోలీని కూడా ఎక్కించుకుపోయేరు, వల తెగింది, స్తంభాలు లేసొచ్చేయి, రిఫరీ ఆపండాపండని పరిగెట్టుకొచ్చి తనూ ఎక్కీసేడు. గ్రౌండు దాటేరు, గేటు దాటేరు, బజారు దాటేరు, ఊరి సివర సముద్రం అడ్డొచ్చింది గాబట్టి ఆగేరు గానీ, లేకపోతే ఈపాటికి మన తాండవ డేము కాడికొచ్చి తేలేవోరు. ఎన్ని గోల్సంటారు? లెక్కెట్టేవోడు సెయ్యి నొప్పెట్టి మజ్జలో మానీసేడు."

నవ్వు ఆపుకోలేక ఎవరో దగ్గారు. వాసు మాత్రం ఆలోచనలో పడ్డాడు.

"నేనాదివారం టీవీలో వొచ్చినవన్నీ సూసేను బావా. అలాటిది రాలేదు."

"వస్తాదేట్రా! దాసీసేరు! అదే గదా నా మంట!" లోవరాజు బల్ల మీద చరిచాడు. కొండలమ్మ చప్పున మిగతా గ్లాసులు తీసేసింది. "నా రెండు గోల్సూ దాసేరు, నా లోడింగు దాసేరు, నా పేరు దాసేరు! రేపు ఎవడో కోటేసుకుని వొచ్చి ఇది నేనే కనిపెట్టేనంటాడు, మీరందరూ సప్పట్లు కొడతారు. కేడీపేట ఎత్తు మీద, ఎండలో, పేసింజర్ల సేత తిట్లు తిని కనిపెట్టినోణ్ణి నేనండి!"

అతని కళ్ళు నిజంగానే ఎర్రబడ్డాయి. చెప్పేకొద్దీ తనకి జరిగిన అన్యాయం తనకే కొండంతగా కనిపిస్తోంది. మొదలుపెట్టినప్పుడు అందులో ఎంత కల్పించాడో ఇప్పుడు అతనే చెప్పలేడు. చెప్పిందంతా నిజమైతే ఆ మొదటి చోటు తనదే, కాబట్టి చెప్పిందంతా నిజమే. లోవరాజుకి ఆ క్షణాన అంతే తెలుసు.

వెనకాల జనంలో సణుగుడు మొదలైంది. సంతకి వేళ మించిపోతోందని ఒకరూ, ఈళ్ళ పిచ్చి తగలెయ్య అని ఒకరూ. జగదీశ్వరరావు గారు చెయ్యెత్తి ఆపారు. "కానీరా. ఇంకెంతుంది?"

"అయిపోనాదండి, అసలుది ఇక్కడే ఉంది. పెపంచంలో ఫుట్‌బాలు పెద్దలున్నారు గదా, ఆళ్ళందరూ ఓ సోట కూకున్నారు. 'ఈ లోడింగు బయటికొస్తే ఇంక ఫుట్‌బాలుండదు, ఎవడు ముందు విజిలేస్తే ఆడే గెలుస్తాడు' అనుకున్నారు. నాకు వీడియో కాలు సేసేరు. నేనప్పుడు పంక్చరేయించుకుంటున్నాను. ఫోన్లో సూస్తే అందరూ ముసలోళ్ళు, కోట్లూ టైలూ, కొంతమంది కళ్ళు తుడుసుకుంటున్నారు. 'బాబూ లోవరాజూ, ఈ ఒక్క ఫైనలు ఓడిపో. నువ్వు గెలిస్తే పెపంచంలో పిల్లలు బంతాట మానేస్తారు' అన్నారు. నేనేటన్నానో తెలుసా? 'అయ్యా, మీరు పెద్దోళ్ళు, మీ మీద నాకు గౌరవముంది. కానీ నాకు కొయ్యూరు సంత మొదటి నంబరు ముఖ్యం. మీ పెపంచం సంగతి మీరు సూసుకోండి' అని పెట్టీసేను."

"మంచి పని సేసేవు," అంది సింహాద్రమ్మ. "పిల్లలు బంతాట మానేస్తే ఇళ్ళకాడ పనులైనా సేస్తారు."

"సూసేవా, ధర్మం నీకు తెలుసు మామ్మా. ఆళ్ళకి తెలీదు. నన్ను కొనలేకపోయేరు గదా, అప్పుడు ఎవర్ని పట్టుకున్నారో తెలుసా? ఈణ్ణి!"

అందరి తలలూ సింగన్న వైపు తిరిగాయి. సింగన్న తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి తిరిగి చూసుకున్నాడు.

"నన్నేనేటి?" అన్నాడు.

"నిన్నే! ఊడ్పులంట, ఊడ్పులు! లీగు మజ్జలో ఎవడైనా ఊరెళ్ళిపోతాడా అండి? ఎందుకెళ్ళేడు? మన కంట పడకుండా ఆడ్డానికి. కొండ మీద గుడారమేసేరు. లోపల సల్లగాలి మిషను. మజ్జన కుర్సీలో ఈడు. సుట్టూ ఆ కోట్లోళ్ళు, ఒకడు కాళ్ళు పడతన్నాడు, ఒకడు ఉల్లిపాయ పకోడీ అందిస్తన్నాడు. ఎదురుగా గోడంత టీవీ. నేనిక్కడ నా ఫోన్లో ఏటి నొక్కితే అది అక్కడ ఆ గోడ మీద కనపడతంది! లేకపోతే ఏటండి, నా లోడింగుని ఈడు ఓడించడం!"

"అన్నా, నాను సెప్పేది..."

"మాటాడకన్నాను! నిన్న పొద్దున్న ఏటైందో ఇనండి. మద్దేనం మ్యాచు. అవతలోడు టీముని ఎలా సర్దేడో మనకీ కొంచెం కనపడతాది గదా. సూసేను. మామూలుగా ఉంది. ఓహో, నన్ను ఏమార్సడానికి ఇలగెట్టేడు, ఆఖర్న మారుస్తాడు అనుకున్నాను. నేను కుడి సీటోళ్ళని ముందుకి జరిపేను. ఈడేటి సేసేడో తెలుసా?"

"ఏటి సేసేడు?" అన్నాడు వాసు.

"ఏటీ సేయలేదు! కదల్లేదు! అమ్మో, గట్టోడే అనుకున్నాను. ఎడం సీటోళ్ళని దించి ఎనకాల ఏలాడేసేను. ఈడు కదల్లేదు. డ్రైవరుకి అటూ ఇటూ ఉన్నోళ్ళని మార్సేను. ఈడు కదల్లేదు. 'మీదపడి ఆడండి' అన్నాను, 'కాసుకుని ఆడండి' అన్నాను, మళ్ళీ 'మీద పడండి' అన్నాను. పేసింజర్లని ఎక్కించుకోలేదు, అన్నం తినలేదు, మా వరహాలక్ష్మి ఫోను సేస్తే ఎత్తలేదు, దానికింకా మాటలు పడతానే ఉన్నాను. నా ఒళ్ళంతా సెమటలు. ఈడు మాత్రం ఒక్క బొమ్మనీ, ఒక్కదాన్నంటే ఒక్కదాన్నీ, ఇటునుంచి అటు జరపలేదండి! అంత గుండె ధైర్యం మామూలు మనిసికుంటాదా? నేను ఎదురుగా లోవరాజునై ఉండగా! ఎనకాల పెపంచం మొత్తం ఉండి, 'నువ్వు కదలకు, మేం సూసుకుంటాం' అంటే తప్ప కుదర్దు. ఆఖరికి ఇసుగెత్తి, మొదటి లోడింగే మళ్ళీ ఎట్టీసి మ్యాచుకొదిలేసేను. ఏడు గోల్సు. ఏడూ మోసమే! మీరే సెప్పండి జగదీశ్వరరావు గారూ, నా మొదటి నంబరు ఈడికెలాగ ఇస్తారు?"

లోవరాజు రొప్పుతూ ఆగాడు. అంత కోపంగా, అంత బాధగా చెప్పినవాణ్ణి చూసి నవ్వడానికి కూడా కొంచెం మొహమాటంగానే ఉంది.

"సింగన్నా," అన్నారు జగదీశ్వరరావు గారు. "ఇందాకట్నుంచీ ఏదో అంటన్నావు. ఇప్పుడు సెప్పు. ఎందుకు మార్సలేదు నువ్వు?"

సింగన్న గుంజ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. "మార్సాలంటే ఆట తెరవాల గదండి బాబూ. నాను ఊరెల్లిన్నాడే వానకి ఫోను తడిసిపోనాది. తడి లాగుతాదని మాయమ్మ సోళ్ళ కుండలో ఎట్టీసి మర్సిపోనాది. నాను ఊడ్పుల్లో పడి అడగనేదు. నిన్న అంబలికని సోళ్ళు తీస్తంటే సేతికి తగిలినాదంట. ఇప్పుడే ఈ వాసు సార్జింగెట్టి ఇచ్చినాడు. నాను గెలిసినానని ఈళ్ళు సెప్తేనే తెలిసినాది."

జేబులోంచి ఫోను తీసి, దాని రబ్బరు కవరు ఊడదీసి బల్ల మీద తట్టాడు. కవరు లోపల్నుంచి ఎర్రటి చోళ్ళు, అవే రాగి గింజలు, గలగలా రాలి, ఒలికిన టీలో పడ్డాయి.

ముందు సింహాద్రమ్మ నవ్వింది. ఆ తర్వాత కొండలమ్మ. ఆ తర్వాత స్టాండంతా. వాసు నేల మీద కూలబడి నవ్వాడు. సంతకి ఆలస్యమవుతోందని సణిగినవాళ్ళు కూడా మూటలు కింద పెట్టి మరీ నవ్వారు.

లోవరాజుకి చెవుల్లోంచి ఆవిరొచ్చినట్టయింది. నిన్న పొద్దుటి నుంచీ తను ఎవరితో యుద్ధం చేశాడో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అయినా మాట వదల్లేదు.

"మరి నామీద ఆడిందెవడ్రా?" అని అరిచాడు. "కుండలో ఫోనుంటే ఏడు గోల్సెవడు కొట్టేడు? ఆ టీముని ఎవడు సర్దేడు?"

సింగన్న ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వే గదన్నా. లీగు మొదలెట్టినప్పుడు నాకు ఆట రాదన్నాను గదా. నా ఫోను లాక్కుని, నీకేటి తెలుసురా, నాను సర్దుతానుండు అని నువ్వే ఎట్టి ఇచ్చినావు. 'ఇలగే ఉంచు, నువ్వు ముట్టుకున్నావంటే పాడైపోద్ది' అన్నావు. నాను ముట్టుకోనేదు."

వాసు లేచి, సింగన్న ఫోను తీసుకుని చూశాడు. "నిజమే. ఎనక నలుగురు, మజ్జన నలుగురు, ముందు ఇద్దరు, అంతా మామూలే. గోలీ గోలు కాడే ఉన్నాడు."

లోవరాజు ఏమంటాడా అని అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. అతని మొహం ఎర్రబడింది, పాలిపోయింది, మళ్ళీ మెల్లిగా వెలిగింది. ఒక్క ఉదుటున బల్లెక్కి నిలబడ్డాడు.

"ఇన్నారా! ఇన్నారా అందరూ! నేను సెప్పలేదూ, మామూలు మనిసి నన్ను ఓడించలేడని! లోవరాజుని ఓడించే మొనగాడు పెపంచంలో ఒక్కడే ఉన్నాడు. ఆడు లోవరాజే! ఏడు గోల్సూ నేను ఎట్టినవే! కుండలో పడేసినా గెలిసే టీమండి అది, సోళ్ళలో పాతిపెట్టినా గెలిసింది! ఇంకేటి కావాల? ఫైనలు గెలిసింది నేను. మొదటి నంబరు నాది. దారివ్వండి, బండి తెచ్చి ముందెడతాను!"

జేబులోంచి తాళాలు తీశాడు. చుట్టూ జనం తెల్లబోయి జగదీశ్వరరావు గారి వైపు చూశారు. ఆయన తాపీగా మిగిలిన టీ తాగి, గ్లాసు కొండలమ్మకిచ్చి, పై కండువాతో మూతి తుడుచుకున్నారు.

"నిజమేరా లోవరాజూ," అన్నారు. "నేను కాదన్ను. గెలిసింది నువ్వే. కానీ గెలిసిన లోవరాజు సింగన్న ఫోన్లో ఉన్నాడు. ఆ ఫోను సింగన్న జేబులో ఉంటాది గాబట్టి, సింగన్న బండిలో అందరికంటే ముందెళ్తాడు. ఓడిపోయిన లోవరాజు ఇదిగో, ఈ బల్ల మీద నిలబడ్డాడు. దిగి, బండి తీసుకెళ్ళి ఆఖర్నెట్టు."

లోవరాజు మళ్ళీ నోరు తెరిచేలోపే సింగన్న ఆటో వచ్చి ఖాళీ చోట్లో ఆగింది. సింహాద్రమ్మ బుట్ట ఎత్తుకుని అందరికంటే ముందే ఎక్కేసి, లోపలికి జరగండి జరగండి అని వెనక వాళ్ళని తొందరపెట్టింది. లోవరాజు బల్ల దిగి, బండి రివర్సు చేసుకుంటూ వరస చివరికి పోయాడు.